క్రూరమృగముల చిత్రములపై మా మక్కువ

సోదరీమణులారా! సొరచేప మనుష్యులను మ్రింగు చిత్రములన్నను, పక్షులు గుంపుగూడి యూరిమీద బడు చిత్రములన్నను, వెర్రిపట్టిన కుక్క యొక తల్లిని బిడ్డను నిర్బంధించు చిత్రములన్నను మాకు మిక్కిలి మక్కువ. ఈ మాట విని మీలో కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొందురని యెరుగుదుము. బడిపంతులుగారి యిల్లాలు, నిత్యము భారతభాగవతములు చదువుకొనునది, గోడమీది బల్లిని చూచి వంటయింటినుండి వెలికివచ్చునది, ఇట్టిదానికి ఈ రుచి యెక్కడనుండి వచ్చినదని మా చుట్టములే వింతపడుచుందురు. మా వారు లెక్కల ఉపాధ్యాయులు. వారికి ప్రతి విషయమునకును కారణము కావలయును. "భక్తిచిత్రము పెట్టినచో కునుకుదువు, మొసలి కనబడినచో కన్నార్పవు, ఇందలి సూత్రమేమి?" అని వేసవి సెలవులలో నొకనాడు అడిగిరి. అప్పటికి నవ్వి యూరకుంటిమి. పిమ్మట పనిపాటల నడుమ ఆలోచింపగా మాకు తోచిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే సంస్కృతాంధ్రములు చెప్పిరి. భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన రసములు ఎనిమిది, వానిలో భయానకమొకటి. దానికి స్థాయిభావము భయము, వర్ణము నలుపు, అధిదేవత కాలుడు. వికృతధ్వనులు, నక్కల కూతలు, గుడ్లగూబల యరపులు, పాడుపడిన యిండ్లు, నిర్జనారణ్యములు ఆ రసమును పుట్టించునని ముని చెప్పియున్నాడు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని భయము స్త్రీలకును నీచప్రకృతులకును చెందిన భావమని కూడ ఆ గ్రంథముననే కలదు. పదునాలుగేండ్ల ప్రాయమున చదివిన ఆ మాట మా మనసున ములుకువలె నాటుకొన్నది. తండ్రిగారినే అడిగితిమి. "ముని నటులకు చెప్పుచున్నాడు తల్లీ, నీకు గాదు" అని వారు తప్పించుకొనిరి. మాకు తృప్తి కలుగలేదు. తృప్తి ఎచ్చట కలిగినదో చెప్పినచో మీరు నవ్వుదురు గాని, ఈ సొరచేపల చిత్రములు చూచిన తరువాతనే కలిగినది.

ఈ జాతి చిత్రములు అమెరికాదేశమున ఎక్కువగా బుట్టినవి. 1933లో వచ్చిన కింగ్ కాంగ్ అను చిత్రములోని మహావానరము నిజమునకు చిన్న బొమ్మ. విల్లిస్ ఓబ్రయన్ అను శిల్పి దానిని వెంట్రుకవాసి కదలించుచు, కదలికకొక ఛాయాచిత్రము చొప్పున తీసి, చూచువారి గుండెలు జల్లుమనునట్లు దానికి ప్రాణము పోసినాడు. 1954లో జపానువారు గాడ్జిల్లాను తీసిరి. అదే యేట అమెరికాలో దెమ్ అను చిత్రము వచ్చినది. అణుబాంబు పరీక్షల ఫలముగా ఎడారిలో చీమలు బండ్లంతేసి పెరిగినవని అందలి కథ. ఆ కథయందు మొదట కనబడునది ఒక చిన్నపిల్ల. ఇంటిల్లిపాదిని పోగొట్టుకొని, నోటమాట లేక ఎడారిలో నడచిపోవుచుండును. పెద్దలు ఎంత అడిగినను పలుకదు. తుదకు చీమలయందుండు ఆమ్లము వాసన చూపగా కెవ్వున నరచి, "అవి! అవి!" యని కేకలువేయును. ఊరంతటిలో ఏమి జరిగినదో ఎరిగినది ఆ పిల్ల యొక్కతెయే. ఈ సంగతిని కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని కలదు.

ఇట్టి చిత్రములన్నిటికిని తలమానికము 1975వ సంవత్సరము జూను నెలలో విడుదలయైన జాస్. జాస్ అనగా దవడలు. పీటర్ బెంచ్లీ అను రచయిత 1974లో ప్రకటించిన నవలను స్టీవెన్ స్పీల్‌బర్గ్ అను యువదర్శకుడు చిత్రముగా తీసెను. ఎమిటీ యను కల్పితద్వీపమున వేసవిలో వేలకొలది జనులు సముద్రస్నానమునకు వత్తురు. ఆ యూరి బ్రతుకుతెరువంతయు ఆ రెండు మూడు నెలల రాబడియే. వేసవి యారంభమున రాత్రివేళ ఈదుచున్న ఒక యువతిని ఏదియో లోపలికి లాగుకొనిపోవును. అది సొరచేపయని ఊరి పోలీసు అధికారి బ్రాడీ గ్రహించును. విచిత్రమేమన, ఈ బ్రాడీకి నీరనిన భయము. ద్వీపమున ఉద్యోగము చేయుచు కాలు తడుపుకొనని మనుష్యుడు.

ఈ చిత్రమున సొరచేప చాలసేపటివరకు కంటికి కానరాదు. ఇది దర్శకుని చాతుర్యమే యని లోకము మెచ్చుకొనును గాని, అందుకు ముఖ్యకారణము ఉప్పునీరు. చిత్రము తీయుటకు చేయించిన యంత్రపు సొరచేప సముద్రములో దిగగానే చెడిపోవుచుండెను. పరివారమువారు దానికి బ్రూస్ అని ముద్దుపేరు పెట్టిరట. యంత్రము పనిచేయనందున దర్శకుడు చేపకు బదులు దాని జాడలను చూపెను. నీటి మట్టమున ఛాయాగ్రహణయంత్రమును తేల్చెను. చేపకు గ్రుచ్చుకొన్న త్రాళ్లకు కట్టిన పసుపుపచ్చని పీపాలు నీటిమీద పరుగెత్తునట్లు చేసెను. జాన్ విలియమ్స్ అను సంగీతజ్ఞుడు రెండే రెండు స్వరములను మార్చిమార్చి వాయింపజేసి, అవి వినబడినప్పుడెల్ల చేప వచ్చుచున్నదని మనకు తెలియజెప్పెను. పెండ్లివారింట పాయసములోనికి జీడిపప్పు చాలనప్పుడు చేయితిరిగిన వంటలక్క చేయునట్టి పని యిది. లోపము రుచిగా మారినది.

స్త్రీలమగు మనము తెలిసికొనదగిన విశేషము మరియొకటి కలదు. ఆ చిత్రఖండములను కత్తిరించి కూర్చినది వెర్నా ఫీల్డ్స్ అను వనిత. చేపను ఎంతసేపు చూపిన అది యంత్రమని పట్టుబడునో, ఎంతలో మరుగుపరచిన భయము నిలుచునో ఆమె కంటికి తెలిసియుండెను. ఆ కూర్పునకు ఆమెకు ఆస్కారు బహుమానము వచ్చినది. మునిగిన పడవయందు ఒక శవము తల కనబడు ఘట్టము చాలినంత భయము గొలుపలేదని, ఆమె యింటి యీతకొలనులో పాలపొడి కలిపి, నీటిని సముద్రమువలె మసకచేసి మరల తీసిరి. పాలపొడితో ఎన్ని చేయవచ్చునో చూచితిరా!

సరే, కథలోనికి వత్తము. సముద్రతీరమును మూసివేయవలెనని బ్రాడీ పట్టుపట్టును. నగరాధ్యక్షుడు వలదనును. పండుగ దినములు వచ్చుచున్నవి, దుకాణములవారు నష్టపోవుదురు, సొరచేప యని యరచినచో జనులు హడలిపోవుదురని అతని వాదము. బ్రాడీ లొంగిపోవును. మరునాడో మాపటికో ఒక చిన్నవాడు, తల్లి చూచుచుండగనే, చేపకు బలియగును. కొన్ని దినములు గడచిన పిమ్మట రేవునందు బెస్తలు వేరొక సొరచేపను పట్టి వ్రేలాడగట్టి, ఆపద తీరినదని వేడుక చేసికొనుచుందురు. అప్పుడు ఆ తల్లి నల్లని వస్త్రములు ధరించి వచ్చును. ఎవరును ఆమెకు అడ్డురారు. ఆమె బ్రాడీ యెదుట నిలిచి, మొగముసుగు తొలగించి, చెంపమీద చెళ్లున కొట్టును. అంతకుముందే ఒక పిల్ల చనిపోయినదని నీకు తెలియును, తెలిసియు మా బిడ్డలను నీటిలో దిగనిచ్చితివి అని అడుగును. ఆమె పోయిన తరువాత నగరాధ్యక్షుడు ఓదార్పుగా, ఆమె పొరబడినదనును. బ్రాడీ లేదనును. అంతే.

సోదరీమణులారా, ఆ చిత్రమున పడవ విరుగుట, చేప ప్రేలిపోవుట మొదలైన ఆర్భాటమెంత యున్నను మాకు దాని ప్రాణము ఈ చెంపపెట్టునందే యున్నదనిపించును. సొరచేపమీద మాకు కోపము రాదు, ఆకలియైనది, తిన్నది. దానికి పగ లేదు, కుట్ర లేదు, తల్లి దుఃఖమెట్టిదో తెలియదు. తెలిసినవాడు మనుష్యుడు. తెలిసియు లెక్కలు చూచుకొన్నవాడు మనుష్యుడు. ఇట్టి చిత్రమును చూచుట వలన మనసున విషము మిగులకుండుటకు ఇది యొక కారణము. మనుష్యుడు మనుష్యుని చంపు చిత్రములు చూచిన రాత్రి మాకు నిద్రపట్టదు. ఎదురింటివాని మొగము కూడ అనుమానముగా తోచును. సొరచేపను చూచిన రాత్రి హాయిగా నిద్రింతుము.

రెండవ కారణమే ముఖ్యమైనది. ఈ కథలయందు మొదట భయపడినవారి మాటయే నిజమగును. మీ జ్ఞాపకమున నున్న ఆ చీమల కథలోని పిల్లను తలచుకొనుడు. బ్రాడీని తలచుకొనుడు. అందరికంటె ముందు భయపడినవారు వెర్రివారనిపించుకొందురు, నవ్వులపాలగుదురు, సంతలోని చిల్లరవలె విసరివేయబడుదురు. తుదకు వారు చెప్పినదే జరుగును. మన యిండ్లలో భయపడు పని సాధారణముగ ఎవరిది? పిల్లవాని యొడలు కాలుచున్నదని అర్ధరాత్రి లేచి చూచునదెవరు? మేడమీది పిట్టగోడ కురుచగా నున్నదని పదిమార్లు చెప్పునదెవరు? గ్యాసు వాసన వచ్చుచున్నదని మొదట ముక్కు పట్టుకొనునదెవరు? "నీకన్నిటికి భయమే" యను మాట వినని యిల్లాలు ఈ దేశమున కలదా? భయము స్త్రీలదని ముని యన్నాడు గదా, ఔను, మనదే. కావలివాని లాంతరు కావలివానిదైనట్లే అది మనది. ఈ చిత్రములు రెండు గంటలసేపు ఆ లాంతరును గౌరవించును. మా మక్కువలోని సూత్రమిదియే. మా వారికి ఇట్లే చెప్పితిమి. వారు కొంతసేపు ఆలోచించి, "పిట్టగోడ సంగతి రేపు చూతము" అనిరి.

మన పురాణములలో ఇట్టి కథలు లేవా? పరీక్షిత్తు కథ చూడుడు. శమీకమహర్షి మెడలో చచ్చిన పామును వైచిన యపరాధమునకు, ఏడు దినములలో తక్షకుడు కరచి చంపునని మునికుమారుడు శపించెను. రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, వైద్యులను, మంత్రవేత్తలను చుట్టును నిలుపుకొనెను. గాలియైనను అనుమతి లేక చొరరాదు. విషమును విరుచు విద్య యెరిగిన కశ్యపుడను బ్రాహ్మణుడు రాజును బ్రతికింప బయలుదేరగా, తక్షకుడు త్రోవలో నడ్డగించి పరీక్షించెను. తాను కరచి బూడిదచేసిన మర్రిచెట్టును కశ్యపుడు తిరిగి చిగురింపజేయుట చూచి, అడిగినంత ధనమిచ్చి వెనుకకు మరలించెను. ఏడవనాటి ప్రొద్దు క్రుంకుచుండగా, మునివేషములు ధరించిన నాగులు తెచ్చిన పండ్లలో నొకదానిలోని చిన్న పురుగై తక్షకుడు లోపలికి వచ్చెను. ఆపద గడచినదని రాజు పరిహాసముగా ఆ పురుగును మెడమీద పెట్టుకొనెను. ఇంతకు మించిన భయానకచిత్రము హాలీవుడ్డువారు తీయగలరా? ఎదురుచూపు కలదు, కట్టుదిట్టము కలదు, కంటికి కానరాని శత్రువు కలడు. చెప్పవలసినది చెప్పక, చేయవలసినది చేయక, ధనము తీసికొని మరలిపోయిన పెద్దమనుష్యుడు కూడ కలడు. రాజునకు ఆయువు తీరినదని తెలిసియే కశ్యపుడు మరలెనని సమర్థింతురు. మాకు మాత్రము కశ్యపుని చూచినప్పుడెల్ల ఎమిటీ నగరాధ్యక్షుడే కన్నులగట్టును.

ఇక పక్షుల చిత్రము. డాఫ్నీ డు మారియర్ అను ఆంగ్లరచయిత్రి 1952లో ప్రకటించిన కథనాధారము చేసికొని ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1963లో ది బర్డ్స్ తీసెను. కథ కాలిఫోర్నియాలోని బొడేగా బే అను చిన్న రేవుపట్టణమున జరుగును. పట్టణమునుండి మెలనీ యను యువతి వచ్చును. ఆమె వచ్చిన నాటినుండియే కాకులు, నీటిపక్షులు మనుష్యులమీద బడసాగును. ఎందుకో చిత్రము తుదివరకు చెప్పదు. సంగీతమే లేదు; రెక్కల చప్పుళ్లు, కూతలు, విద్యుద్యంత్రముపై పుట్టించిన ధ్వనులు మాత్రమే. బడిపంతులు భార్యలమగుట చేత మాకు అందలి పాఠశాల ఘట్టము గుండెను పిండినది. లోపల పిల్లలు పాట పాడుచుందురు. వెలుపల మెలనీ బల్లమీద కూర్చుండును. వెనుకనున్న ఆటస్థలపు ఇనుపచట్రముమీద ఒక కాకి వ్రాలును. పిమ్మట మరికొన్ని. పాట ముగియదు. ఆమె తిరిగి చూచునప్పటికి చట్రమంతయు నల్లబడియుండును. ఆ బడి పంతులమ్మ, ఒక బాలికను ఇంటిలోనికి త్రోసి, తాను పక్షులకు బలియగును.

అదే చిత్రమున భోజనశాలలో ఒక స్త్రీ, బిడ్డలను పొదివి పట్టుకొని, ఇదంతయు నీవు వచ్చిన తరువాతనే మొదలైనది, నీవే దుష్టురాలవు అని మెలనీని నిందించును. మెలనీ ఆమె చెంప వాయించును. క్రొత్తకోడలు అడుగుపెట్టిన వేళావిశేషమని గేదె చచ్చినను, పంట పోయినను కోడలి నెత్తిన వేయు సంప్రదాయము మన సొంతమని మేము అనుకొనుచుంటిమి. సముద్రముల కావల కూడ కలదని ఆనాడు తెలిసినది. (ఈ వ్యాసమున చెంపపెట్టులు రెండైనవి, ఇంకొకటి లేదు, నమ్ముడు.)

పక్షులు పిచ్చియెత్తుట పూర్తిగా కల్పన కాదు. 1961 ఆగస్టు నెలలో కాలిఫోర్నియాతీరమున కాపిటోలా అను ఊర సముద్రపక్షులు వేలకొలది ఇండ్లమీద, వీధిదీపములమీద వచ్చి పడినవి. సముద్రపు నాచునందు పుట్టిన యొక విషము చేపల ద్వారమున పక్షుల కడుపున బడి వాని మతిచెడియుండునని తరువాతి శాస్త్రజ్ఞులు ఊహించిరి. ఇంతకంటె చేదైన నిజము మరొకటి కలదు. మెలనీగా నటించిన టిపీ హెడ్రెన్, మేడమీది గదిలోని ఘట్టమునకు యంత్రపు పక్షులను వాడుదురని తనతో చెప్పి, తీరా నిజమైన పక్షులను ఐదు దినములపాటు తనమీద విసరిరనియు, ఒకటి కంటిదాపున గీరినదనియు తరువాతి కాలమున చెప్పినది. తెరమీద మనము చూచి మెచ్చుకొన్న భయమున కొంత నటన కాదు. ఇది తెలిసినప్పటినుండి ఆ ఘట్టము వచ్చినప్పుడు మేము లేచి పోపు వేయుటకు పోవుదుము.

క్యూజో అను చిత్రము గురించి చెప్పకున్న ఈ వ్యాసము కొరత పడును. స్టీఫెన్ కింగ్ 1981లో వ్రాసిన నవల; 1983లో చిత్రమైనది. క్యూజో ఒక భారీ కుక్క, పిల్లలతో ఆడుకొను సాధుజంతువు. కుందేలును తరుముచు బిలములో తలదూర్చగా గబ్బిలము ముక్కుమీద కరచును. పిచ్చివ్యాధి యంటుకొనును. డోనా యను తల్లి, చెడిన కారును బాగుచేయించుకొనుటకు కుమారునితో అచటికి వచ్చి, కుక్కకు చిక్కి, ఆ కదలని కారులోనే మండుటెండలో దినములు గడపవలసివచ్చును. నీరు తరిగిపోవుచుండును, బిడ్డ సొమ్మసిల్లుచుండును, తలుపు తెరచినచో కుక్క. ఆ పిల్లవాడు మొదటినుండియు తన గదిలోని బీరువాలో భూతము కలదని యేడ్చుచుండును. తలిదండ్రులు లేదని చెప్పుదురు. తండ్రి భూతములను తరుము మాటలు కొన్ని వ్రాసియిచ్చి చదివించును. పాపము, మంచి తండ్రియే. కాని పిల్లవాడే నిజము చెప్పినాడు. నవలలో ఆ బిడ్డ మరణించును, చిత్రమున బ్రతుకును. సాహిత్యము నెరిగినవారు నవలయే మేలందురు. మేము చిత్రము పక్షము.

ఈ చిత్రమును చూచిన మరుసటి వానకాలమున మా వీధిలో జరిగిన సంగతి చెప్పెదము. మా యింటి యన్నము తిని అరుగుక్రింద పండుకొను కుక్క యొకటి రెండు దినములు రాలేదు. మూడవనాడు కల్వర్టు నీడన కనబడినది. చొంగ కారుచుండెను, కాళ్లు తడబడుచుండెను, కూత మారినది. పేరుపెట్టి పిలిచినను గుర్తింపలేదు. మాకు కడుపులో చేయిపెట్టి త్రిప్పినట్లయినది. ఇరుగుపొరుగులకు చెప్పితిమి. పిల్లలను ఆ వైపు పోనీయవలదంటిమి, ఊరి యధికారులకు కబురు చేయుడంటిమి. వీధిపెద్ద యొకరు, "పంతులమ్మగారు ఆ సినిమాలు చూచి చూచి కుక్కపిల్లలో పులిని చూచుచున్నారు" అని పదిమందిలో అనిరి. అందరు నవ్విరి. ఆ సాయంకాలమే కుక్క, బంతికై పోయిన పదేండ్ల పిల్లవాని పిక్కను పట్టుకొన్నది.

నవ్విన నోళ్లే ఏడ్చినవి. గాయమున పసుపు, కారము పెట్టవలెనని ఒకరు, కట్టుకట్టవలెనని ఒకరు. మేము పిల్లవానిని కుళాయిక్రింద కూర్చుండబెట్టి, సబ్బుతో, ధారగా పారు నీటితో పావుగంటసేపు కడిగితిమి. వాడు ఏడ్చుచున్నను విడువలేదు. మా వారు మోటారుసైకిలుమీద ఆసుపత్రికి తీసికొనిపోయిరి. గాయముచుట్టును సీరము వేసిరి, టీకాలు చెప్పిన దినములలో ఒక్కటియు తప్పకుండ ఆ తల్లి వేయించినది. పిల్లవాడు నేడు మా వారియొద్దనే భిన్నములు నేర్చుకొనుచున్నాడు. అవి వానికి రావు, అది వేరు సంగతి. పిచ్చివ్యాధి లక్షణములు ఒకమారు బయటపడిన పిమ్మట మందు లేదనదగును. సబ్బునీరు, తడవు చేయక వేయించిన టీకా, ఇవే రక్ష. ఈ రెండు మాటలను ప్రతి సోదరియు తన బిడ్డలకు, పనివారికి చెప్పవలెనని మా ప్రార్థన. మమ్ము పరిహసించిన పెద్దమనుష్యుడు పిమ్మట మాతో ఆ మాట యెత్తలేదు, మేమును ఎత్తలేదు.

భయపడువారి పక్షము వహించు ఈ చిత్రములకు ఒక దోషము కూడ కలదు. దాచిన న్యాయము కాదు. అవి మనకు భయపడుట నేర్పును గాని దేనికి భయపడవలెనో సరిగా నేర్పవు. 2022లో లోకమంతటను రెచ్చగొట్టనిదే సొరచేపలు మనుష్యులను కరచిన సందర్భములు 57 అనియు, వానివలన చనిపోయినవారు 5 గురనియు అమెరికాలో ఈ లెక్కలు వ్రాయు శాస్త్రజ్ఞులు చెప్పిరి. మనుష్యులు చంపు సొరచేపలు ఏటేట పదికోట్లని 2013 నాటి యొక శాస్త్రీయమైన అంచనా. జాస్ నవల వ్రాసిన బెంచ్లీయే తన కథ వలన జనులకు ఆ జాతిపై కలిగిన ద్వేషమునకు చింతించి, 2006లో కన్నుమూయువరకు సొరచేపల రక్షణకై పాటుపడినాడు.

మన దేశమున పాముకాటువలన 2000 మొదలు 2019 వరకు పండ్రెండులక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది, మరణించిరని 2020లో ప్రకటితమైన పరిశోధన చెప్పినది. ఆ బాధ యెక్కువగా నున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును, తెలంగాణమును కలవు. వానకాలపు నెలలలో సగము మరణములు. వీనిమీద ఎవరును చిత్రము తీయరు. చీకటిలో దీపము లేక దొడ్డిలోనికి పోయిన కూలిస్త్రీ కథకు పసుపుపచ్చని పీపాలు, రెండు స్వరముల వాద్యము ఉండవు. కరచునవి ముఖ్యముగా నాలుగు జాతులు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వీనిని వదలి, ఎలుకలను తిని మనకు మేలుచేయు జెర్రిపోతును కఱ్ఱలతో మోదుట మన శౌర్యము. పోయిన యేడు మా దొడ్డిలో జెర్రిపోతు కనబడగా, అనకొండ చిత్రము చూచిన మావాడు, వాని స్నేహితులు నలుగురు కఱ్ఱలు పట్టుకొని వచ్చిరి. తులసికోటకడ అడ్డముగా నిలిచి, అది గోడ దాటిపోవువరకు కదలలేదు. మా కాళ్లు వణకుచున్న మాట నిజమే. భయపడుట వేరు, చంపుట వేరు గదా యని మావాడు పిమ్మట అక్కతో ఏదో పెద్దవానివలె చెప్పుచుండగా వింటిమి.

మన తెలుగువారు ఈ సంప్రదాయమును తలక్రిందులు చేసిన వైనము కూడ చెప్పవలెను. 2012లో రాజమౌళిగారు తీసిన ఈగ చిత్రమున చంపబడిన ప్రేమికుడు ఈగయై పుట్టి, తన్ను చంపిన ధనికునిపై పగతీర్చుకొనును. చంపు జంతువు అందరికంటె చిన్నది, చచ్చువాడు బలవంతుడు, మనము జంతువు పక్షము. చెవియొద్ద జుమ్మను చప్పుడొక్కటియే ఆ దుష్టునికి సొరచేప. ఇంటికి వచ్చి, అన్నముపై వ్రాలిన ఈగను తోలుటకు ఒక్క క్షణము వెనుదీసినవారు మేమొక్కరమే కామని నమ్ముచున్నాము.

పోయిన సంక్రాంతి సెలవులలో పిల్లలు బలవంతపెట్టగా మా అత్తగారు మాతోబాటు జాస్ చూచిరి. డెబ్బదియొకటవ యేడు; ఆంగ్లము రాదు. మా పెద్దపిల్ల ప్రక్కన గూర్చుండి మాటలను తెలుగు చేసి చెప్పుచుండెను. చేప పడవమీదికి ఎగబ్రాకినప్పుడు పిల్లలు కేకలువేసిరి, మేమును వేసితిమి. ఇంటియందు గొంతెత్తి అరచుటకు ఆడువారికి దొరకు సందర్భములు తక్కువ గనుక దానిని వదలుకొనము. అత్తగారు మాత్రము ఉలుకలేదు, పలుకలేదు. జపమాల త్రిప్పుచు చూచుచుండిరి. చేప ప్రేలిపోయినది, బ్రాడీ చెక్కను పట్టుకొని ఒడ్డునకు ఈదినాడు, పేర్లు పడినవి. దీపము వేసితిమి. పిల్లలు చేప యెంత పొడవో, యంత్రమెట్లు నడచునో వాదించుకొనుచుండిరి. అత్తగారు లేచి, కోడలివైపు తిరిగి అడిగిరి: "ఆ నల్లచీర తల్లికి వేరే పిల్లలున్నారుటే?"

మేము చెప్పలేకపోతిమి. పక్క పరచి, మంచినీళ్ల చెంబు ఆమె తలదాపున పెట్టితిమి.